ఏడో ప్రశ్న

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త గంగామణి ఊరంతా చెబుతుంది. అబద్ధమేమీ కాదు. ఆ కోపమే లేకపోతే ఢిల్లీవాళ్ళ పురస్కారం మా లింగంపేట ముఖం చూసేది కాదు.

దేశ బడ్జెట్ల మీద, ఆర్థిక, సామాజిక విధానాల మీద గొప్ప పని చేసినవాళ్ళకు ఒక సంస్థ ఏటా ఇచ్చే పురస్కారం అది. పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్ళు తీసుకుంటారు. నేనేమో బీడీలు చేసే మనిషిని, దూరవిద్యలో బీఏ పాసయ్యాను, అంతే. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని మీరు నవ్వుకునేలోపే అసలు సంగతి చెబుతాను.

కామారెడ్డి కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే భూపాల్ సార్ బీడీ పని చేసే ఆడవాళ్ళ మీద ఒక నివేదిక రాయాలనుకున్నారు. ఊళ్ళు తిరిగి వివరాలు రాసుకొచ్చే మనిషి కావాలంటే నేను ఒప్పుకున్నాను. లింగంపేట, ఎల్లారెడ్డి మండలాల్లో పన్నెండు ఊళ్ళు. సార్ అచ్చు వేయించిన ఫారంలో ఏడో ప్రశ్న ఇది: మీ ఇంట్లో బీడీలు చేసేవారు ఎందరు?

మొదటి రోజు ఎల్లారెడ్డి దగ్గర ఒక ఇంటికి వెళ్ళాను. ముగ్గురు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని, తునికాకులో తంబాకు నింపి చుడుతున్నారు. ఏడో ప్రశ్న అడిగితే ముసలమ్మ తడుముకోకుండా "నేనొక్కదాన్నే బిడ్డా" అంది. మిగతా ఇద్దరూ చేతులాపకుండానే అవునన్నట్టు తలలూపారు. పక్కింట్లోనూ అంతే. సాయంత్రానికి ఇరవై ఇళ్ళు తిరిగితే ఇరవై మందీ ఒక్కదాన్నే అన్నవాళ్ళే.

కారణం నాకు తెలియనిది కాదు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి కూలీ తీసుకునే కార్డు ఒక్కరి పేరునే ఉంటుంది, చాలా ఇళ్ళల్లో అత్త పేరున. కోడళ్ళూ బిడ్డలూ చేసిన బీడీలన్నీ ఆ కార్డు మీదే పోతాయి. ఇంకొకరు చేస్తున్నారని బయటపడితే కార్డు ఎక్కడ పోతుందోనని మా అందరికీ భయం. మా ఇంట్లోనూ కార్డు అత్తదే. పద్నాలుగేళ్ళుగా నేను చేసిన బీడీలన్నీ ఆమె పేరునే పోయాయి. నా వేళ్ళకు తంబాకు వాసన వదలదు, అయినా ఏ సర్కారు కాగితం చూసినా నా పేరు పక్కన గృహిణి అనే ఉంటుంది. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ చిరాకుతోనే ఇంటికొచ్చేసరికి అత్త తన చిన్న కోడలు, మా యారాలు బుజ్జి మీద లేచింది. బుజ్జి పొరపాటున నా చాట ఒళ్ళో పెట్టుకుందట.

"ఒకల చాట ఇంకొకలు ముట్టద్దని ఎన్నిసార్లు జెప్పాలె నీకు? నీ చాట లేదా?"

మా దగ్గర కోడలు అత్తారింటికి వచ్చేటప్పుడు తన చాట, తన కత్తెర వెంట తెచ్చుకుంటుంది. ఒకరి చాట ఇంకొకరి ఒళ్ళోకి పోతే చెయ్యి తప్పుతుందని నమ్మకం. బుజ్జి తల వంచుకుని తిట్లు తింటోంది. నేను మాత్రం గుమ్మంలో నిలబడి నవ్వడం మొదలుపెట్టాను.

మర్నాడు ఏడో ప్రశ్నను పెన్నుతో కొట్టేసి పక్కన రాశాను: మీ ఇంట్లో రోజూ ఒళ్ళోకి వచ్చే చాటలెన్ని?

మనుషులను దాచినవాళ్ళు చాటలను దాచలేదు. చాటల గురించి ఎవరూ భయపెట్టలేదు మరి. "మూడు బిడ్డా" అన్నదొకామె. "నాలుగు, మా చిన్న కోడలు తల్లిగారింటికి పోయింది, రేపొస్తది" అన్నది ఇంకొకామె. తిరిగిన ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాను.

భూపాల్ సార్ ఫారాలు చూసి మండిపడ్డారు. "అచ్చేసిన దాని మీద గీ గీతలేంది వినోదా?"

"పన్నెండు ఊర్లు అయినంక తిట్టున్రి సార్" అన్నాను.

అన్నీ అయ్యాక చూస్తే నూరు కార్డుల వెనక రెండు వందల అరవై చాటలు తేలాయి. సార్ ఫారాలన్నీ మళ్ళీ మొదటినుంచి కూడి చూశారు. "అంటే వీళ్ళ కోసమని వేసే పథకాలన్నీ సగం మందిని కూడ చూస్తలేవు" అన్నారు చివరికి. నివేదిక రాసి, తన పేరు పక్కన నా పేరు పెట్టారు.

పురస్కారానికి చివరి వడపోతలో నిలిచిన మూడు నివేదికల్లో మాది ఒకటి. సంతోషించేలోపే ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫారాలు నింపే సహాయకుల పేర్లు పురస్కారంలో చేర్చరట, వినోద పేరు తీసేయాలట. పైగా మధ్యలో ప్రశ్న మార్చిన లెక్కను నమ్మేదెలా అని అడిగారు. చదివి ఏడ్చాను. కోపంతోనే అనుకోండి, ఏడుపు ఏడుపే. ఇన్నాళ్ళూ అత్త కార్డు, ఇప్పుడు సార్ కార్డు. నా కష్టానికి నా పేరంటూ ఒకటి ఉండదా?

సార్ జవాబు రాశారు: ఆ ప్రశ్న ఆమెదే. వచ్చి చూడండి. ఆమె పేరు లేకపోతే నా పేరూ వద్దు.

వచ్చారు. ఎంపిక సంఘంలో పెద్దాయన, మన తెలుగాయనే, రాజ్‌కుమార్ గారు, కామారెడ్డిలో రైలు దిగి సార్‌తో కలిసి నేరుగా మా ఇంటికే వచ్చారు. అత్తతో ముందుగా నేనేమీ చెప్పలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా ఇంట్లో నేనెక్కడ గెలిచాను?

ఆయన కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచారు. "అమ్మా, మీ ఇంట్లో బీడీలు చేసేవారు ఎందరు?"

"నేనొక్కదాన్నే సారూ" అంది అత్త.

బుజ్జి గతుక్కుమంది. ఆయన రాసుకుని నా వైపు చూశారు. "మీ ఇంట్లోనే లెక్క ఇలా ఉంటే మీ నివేదికను ఎలా నమ్మమంటారు?"

నోరు తెరిస్తే నేను గెలుస్తాను. కానీ ఎవరి ఇంటి గుట్టూ నా నోట బయటపడదని ప్రతి గడపలో మాటిచ్చి వచ్చినదాన్ని. మా అత్తదీ ఒక గడపే కదా. పళ్ళు బిగించి కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు నోరు మూసుకున్నది అదొక్కసారే.

భూపాల్ సార్ తల దించుకున్నారు. రాజ్‌కుమార్ గారు నివేదిక పేజీలు తిప్పి, "మీరు మార్చిన ప్రశ్న ఇదేనా?" అని నన్నడుగుతూ పైకి చదివారు. "మీ ఇంట్లో రోజూ ఒళ్ళోకి వచ్చే చాటలెన్ని?"

నేను అవుననేలోపే అత్త అందుకుంది. "రెండు సారూ. పెద్ద కోడలిదొకటి, చిన్న కోడలిదొకటి. నాది గోడకున్నది. తంబాకు ఘాటుకు ఊపిరాడక ముట్టుడు బందు జేసి మూడేండ్లాయె."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రాజ్‌కుమార్ గారు ముందు అత్తను, తర్వాత గోడకు దుమ్ముపట్టి వేలాడుతున్న చాటను చూసి, కుర్చీ కదిలిపోయేలా నవ్వారు. "నేనొక్కదాన్నే అన్నావిడ ఒక్క బీడీ కూడా చేయడం లేదు! భూపాల్ గారూ, ఇన్నేళ్ళుగా నేను చదివిన లెక్కలన్నీ ఈ 'ఒక్కదాన్నే'లేనా?"

"సారూ, నా కార్డు..." అంది అత్త.

"మీ పేరు ఎక్కడా రాయనమ్మా."

అత్త నా వైపు చూసింది. గెలిచే అవకాశం చేతిలో ఉండీ నేను నోరు విప్పలేదని ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది. లేచి నిలబడింది.

"రాస్కో సారూ. నా పేరు గూడ రాస్కో, ఏమైతదో అయితది. పద్నాలుగేండ్ల సంది గీ పిల్ల రెక్కల కష్టం నా పేరు మీద పోయింది. గిప్పుడు గీ ఇనాము గూడ ఇంకొకల పేరు మీద పోతె దేవుడు ఊకుంటడా?"

ఆ ఏడాది పురస్కారాన్ని ఢిల్లీలో కాకుండా కామారెడ్డిలో ఇచ్చారు. రాజ్‌కుమార్ గారి పట్టుదల అది. పన్నెండు ఊళ్ళ ఆడవాళ్ళు బస్సులూ ఆటోలూ నిండా దిగారు. కాలేజీ హాలు సరిపోక సగం మంది కిటికీల దగ్గర నిలబడ్డారు. మొదట నా పేరు పిలిచారు, తర్వాతే భూపాల్ సార్ పేరు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అందరికంటే చివరిదాకా కొట్టింది మా అత్త. చేతులు నొప్పి పెడుతున్నాయని ఇంటికొచ్చాక నన్నే తిట్టింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న మధ్యాహ్నం ట్యాబు పట్టుకుని సలోమి అనే అమ్మాయి మా ఇంటికొచ్చింది. దేశమంతటా బీడీ పని చేసే ఊళ్ళల్లో చేస్తున్న కొత్త సర్వే అట. మా అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకుని వరసగా చదువుతూ పోయింది. పేర్లు, వయసులు, ఇల్లు, నీళ్ళు. తర్వాత చదివింది: "మీ ఇంట్లో రోజూ ఒళ్ళోకి వచ్చే చాటలెన్ని?"

ఒక్క అక్షరం మారలేదు. నా చేతిలోని కత్తెర జారి చాటలో పడింది.

"గా మాట రాసిందెవలో ఎరికేనా బిడ్డా?" అంది అత్త. "గిదో, గీమెనే."

సలోమి నన్ను నమ్మీ నమ్మనట్టు చూసి నవ్వింది. "మరి నీ పని ఏమని రాయాలె అక్కా?"

నేను చాటలో ఆకుల మధ్య కత్తెర వెతుక్కుంటున్నాను.

"బీడీలు జేస్తది" అంది అత్త. "వినోద. ఆమె పేరు మీదనే రాయి."