బాలింతకు మల్లెపూలు

"తల్లో పెట్టుకోకు, బాలింతవు. పూలు ఇటియ్యి" అంది మొగిలమ్మ కోడలితో.

కళావతి చేతిలో మోదుగాకు పొట్లం. విప్పీ విప్పకముందే పురిటి గదంతా మల్లెల వాసన. పురిటి మైల కదా, గదిలోకి రాకుండా గడప మీద పెట్టిపోయింది మొగుడు సారంగపాణే. పెళ్లయి నాలుగేళ్లయింది, ఒక్కనాడు మూరెడు పూలు తెచ్చిన పాపాన పోలేదు. కాశిబుగ్గలోని ఆ ఇంట్లోనే పొద్దున మగ్గం గుంటలో దిగితే మళ్లీ దీపాలు పెట్టేవేళకే తలెత్తుతాడు. అతను నేసే జంపఖానాలకు నూలు కండెలు చుట్టేది కళావతే. నొప్పులొచ్చిన రోజు కూడా చుట్టింది. అయినా ఎవరడిగినా "మా ఇంట్ల పని చేసేది నేనొక్కన్నే" అంటాడు. అలాంటి మనిషి ఆడపిల్లను కన్న పెళ్లానికి పూలు తెచ్చాడంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మగవాళ్లకు ప్రేమ చెప్పుకోవడం చేతకాదు, పాపం, అనుకుంది. పాపమట!

"రొమ్ములు గడ్డలు కట్టినయంటివి గద. ఈడ కట్టుకుంటే సల్లగుంటది" అంటూ అత్త ఆ పూలను పల్చటి గుడ్డలో పరిచి ఆమె రొమ్ముల మీద బిగించి కట్టింది. కళావతి ఎదురుచెప్పలేదు. తల్లి ఉంటే పురుడు పుట్టింట్లోనే జరిగేది. ఆమె లంగాలు కట్టుకునే వయసులోనే తల్లి పోయింది. "నేనున్న గద బిడ్డా, ఫికర్ జేయకు" అన్న అత్త మాట పట్టుకునే ఈ ఇంట్లో పురుడు పోసుకుంది. ఏది తినాలో, ఎలా పడుకోవాలో, పిల్లను ఎలా పట్టుకోవాలో అన్నీ అత్త చెప్పినవే. ఆ చేతి మీద ఆమెకు అంత నమ్మకం.

రోజూ పొట్లం వచ్చేది. రోజూ అత్త కట్టేది. గడ్డలు కరిగాయి నిజమే, పాలూ తగ్గాయి. పిల్ల రొమ్ము పట్టుకుని రెండు గుక్కలు లాగి, ఏమీ రాక మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. "నీ పాలు దానికి పడ్తలేవు, డబ్బ పాలు పట్టుదాం" అంది మొగిలమ్మ. అడగకముందే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి డబ్బాలు వచ్చేశాయి. అక్కడ సారంగపాణి అన్న, బావ వెంకట్రాజానికి బట్టల దుకాణం ఉంది. ఆయనకూ తోడికోడలు నిర్మలక్కకూ పిల్లల్లేరు. ఎంత మంచివాళ్లో అనుకుంది కళావతి. ఆ మంచితనం చూసినకొద్దీ ఆమెకు తన ఒంటి మీదే అసహ్యం వేసింది. గుడిసెలో అంబలి తాగే తల్లులకు వచ్చే పాలు తనకెందుకు రావు? ఒకనాడు సారంగపాణి గడప అవతల నిలబడి ఆ మాటే అన్నాడు. "అందరు ఆడోళ్లకు వచ్చే పాలు నీకే ఎందుకు రావు?" అని, చేతిలోని పూల పొట్లం కింద పెట్టి పోయాడు.

పిల్లను చూడ్డానికి పక్కింటి సమ్మమ్మ వచ్చింది. వస్తూనే ముక్కు ఎగబీల్చింది.

"ఏందే, పురిటింట్ల గింత మల్లె వాసన?"

కళావతి సిగ్గుపడుతూ పైట జరిపి చూపించింది. ఆయనే తెస్తున్నాడని కూడా చెప్పింది, కాస్త గర్వంగానే.

సమ్మమ్మ మొహం పాలిపోయింది. "ఓ పిచ్చిదానా! పిల్ల సచ్చిపోయిన బాలింతకు కడ్తరే మల్లెపూలు, పాలు ఇంకిపోవాలని. బంగారమసొంటి బిడ్డ ఒళ్లె ఉండంగ నీకెవరు కట్టిన్రే?"

అత్తకు తెలియదా? అయిదుగురిని కన్న మనిషికి తెలియకుండా ఉంటుందా? ఆయనకు తెలిసి ఉండదులే, తల్లి తెమ్మంటే తెచ్చి ఉంటాడు అని కళావతి మనసు ఇంకా ఆ చిన్న కొస పట్టుకుని వేలాడింది. పురిటి గది దాటి బయటికి రాకూడదన్న మాటే మరిచిపోయి మగ్గం దగ్గరికి వెళ్లింది.

"మల్లెపూలు ఎందుకు తెస్తున్నరు?"

సారంగపాణి ఆశ్చర్యపోయి ఉంటే ఆమె బతికిపోయేది. అతను అటూ ఇటూ ఆడే నాడె ఆపి తల దించుకున్నాడు.

"అన్నకు మాటిచ్చిన. నీ కడుపుల ఉన్నప్పుడే. మొగపిలగాడైతే మాకు, ఆడపిల్లయితే మీకు అని. తొట్లెల ఏసిన నాడు తీస్కపోతరు. పిల్ల నీ పాలు మరిగినంక ఇడిపిస్తే నీకే కష్టం గద, జర ఆలోచించు. నీ మంచికే చేసిన."

నీ మంచికే! తను వేవిళ్లతో గోడ పట్టుకుని నడిచిన రోజుల్లో అన్నదమ్ములిద్దరూ, ఏ అన్నం ముందు కూర్చునో, తన కడుపును పంచుకున్నారు. తనను ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు. బిడ్డను తీసుకుపోతామంటే కొట్లాడి ఉండేది, ఏడ్చి ఉండేది. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా ఆమె ఒంటినే ఆమె మీదికి తిప్పారు. పైగా పాలెందుకు రావని అడిగాడు! కళావతి గుడ్డ విప్పి పూలన్నీ మురుగు పోయే మోరీలో పారేసింది.

"పిల్ల గుంజంగ గుంజంగ అవే వస్తయి, ఇడువకు" అంది సమ్మమ్మ. కళావతి విడవలేదు. డబ్బా పాలు ఉగ్గుగిన్నెతో పట్టే ముందు ప్రతిసారీ రొమ్ము ఇచ్చేది. చనుమొనలు పగిలి నెత్తురొచ్చింది. "ఎండిన రొమ్ము పెట్టి పిల్లను సతాయిస్తవా?" అని అత్త తిట్టింది. తిట్టనీ అనుకుంది. మొదట చెమ్మలా వచ్చాయి, తర్వాత చుక్కలు. ఒకనాడు పిల్ల గుటక వేసిన చప్పుడు వినిపించింది. కళావతి పిల్ల తల మీద మొహం పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

తొట్లె నాడు ఇల్లంతా చుట్టాలు. వెంకట్రాజం, నిర్మల కొత్త గౌన్లు, బంగారు మురుగులు తెచ్చారు. పేరు పెట్టడం అయ్యాక మొగిలమ్మ "పిల్లను మీ అక్క ఒళ్లె పెట్టు" అంది. కళావతి నడింట్లో, అందరి మధ్యే గోడకు ఆనుకుని కూర్చుని, పైట కప్పి పిల్లకు రొమ్ము అందించింది. పిల్ల గుటకలు వేస్తోంది.

పిల్ల కోసం నిర్మల చాచిన చేతులు అలాగే ఉన్నాయి. "కళా, నువ్వే ఇష్టంగ ఇస్తున్నవని చెప్పిన్రు గదనే నాకు" అంది.

"నన్ను ఎవ్వరు అడగలే అక్కా."

నిర్మల నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె వెంకట్రాజం వైపు చూసిన చూపులో కళావతికి తన మొహమే కనిపించింది. నిర్మల మీద కోపం రాలేదు.

సారంగపాణి దగ్గరికొచ్చి పళ్లు బిగబట్టి అన్నాడు. "నలుగురిల నా ఇజ్జత్ తీస్తవా? మాటిచ్చిన నేను."

"మీరిచ్చింది మాట. ఆ మాటనే తీస్కపొమ్మనుండ్రి" అని, కళావతి పిల్లను రెండో రొమ్ముకు మార్చుకుంది.