పక్క నుంచి పడే వెలుగు

మధ్యాహ్నం పన్నెండు కూడా కాలేదు, చిట్టి అప్పటికే ఆ దూలానికి పద్దెనిమిది ఫొటోలు తీసింది. జిగురు హాలు నడిమధ్యన రెండు బల్లలు కలిపి, వాటి మీద స్టూలు వేసి, స్టూలు మీద తను నిలబడింది. బయట వాన. లోపల నలభై మంది ఆడవాళ్లు అట్టలకు జిగురు పూసి పెట్టెలు మడుస్తున్నారు. తడి అట్ట వాసన, ఉడికిన జిగురు వాసన కలిసి గొంతులో గీరుతున్నాయి. పై అంతస్తులో కాగితపు చుట్టలు దొర్లిస్తున్నారు. ఒక్కో చుట్ట ఎద్దంత బరువు. అది కదిలినప్పుడల్లా గోడలు సన్నగా అదిరి, ఆ అదురు స్టూలు కాళ్లలోంచి ఆమె అరికాళ్లకు పాకుతోంది.

"కిందికి చూడకే, పడతావ్! పడితే పడ్డావు గానీ నా మీద మాత్రం పడకు. నా నడుము సంగతి నీకు తెలుసుగా," అంది అక్క, చేతిలో కుంచె ఆపకుండానే.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క బల్ల సరిగ్గా ఆ దూలం కిందే. పన్నెండేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు.

మేనేజరు గొడుగు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకా ఎన్ని తీస్తావమ్మాయ్? ఆ పక్కన లైటెందుకు? తీసెయ్. ఫ్లాషు వేసి ఎదురుగా ఒక్కటి కొట్టు, సరిపోతుంది."

చిట్టి లైటు ఆర్పించింది. ఫ్లాషు వేసి ఎదురుగా ఒకటి తీసింది. కెమెరా వెనకాల చిన్న తెరలో దూలం తెల్లగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా కనబడింది. స్తంభం దగ్గర వేలు దూరేంత వెడల్పున మొదలై నాలుగు బారల పొడుగున సాగిన పగులు ఎటు పోయిందో పోయింది.

"చూశావా! మనం సరిగ్గా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి," అన్నాడు మేనేజరు సంతోషంగా.

చిట్టి స్టూలు దిగింది. దిగుతూ ఉంటే అక్క జిగురు గిన్నెలో ఏదో టప్పున పడింది. గోరంత పెచ్చు. అక్క దాన్ని రెండు వేళ్లతో తీసి, నేలకు రాసి, మళ్లీ కుంచె ముంచింది. ఈగను తీసి పారేసినంత మామూలుగా.

ఎదురుగా వేసిన వెలుగు ముడతలు చెరిపేస్తుందని, పక్క నుంచి పడే వెలుగు ఉన్న గీతనల్లా బయటపెడుతుందని చిట్టికి నేర్పినవాడు ఒక స్టూడియో ముసలాయన. ఫోన్లు వచ్చి ఆయన దుకాణం మూతబడింది. మూసేరోజున పాత కెమెరా ఒకటి ఆరు వేలకు చిట్టికి ఇచ్చాడు. అప్పట్లో జిగురు హాల్లో తనకొచ్చే తొమ్మిది వేల జీతంలో ఆ ఆరు వేలు కూడబెట్టడానికి ఆమెకు పది నెలలు పట్టింది. కూడబెట్టినన్నాళ్లూ అక్క తిడుతూనే ఉంది. "కూటికి లేనమ్మ కాటుక్కి ఏడ్చిందట! కెమెరా ఏం చేసుకుంటావే, నంజుకుంటావా?"

తీరా కెమెరా వచ్చాక మొదటి ఫొటో అక్కదే. కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసింది. జిగురు కరిచిన వేళ్లు, కంటి కింద నలుపు, పెదవి చివర ఎగతాళి అన్నీ అందులో ఉన్నాయి. అక్క చాలాసేపు చూసి, "ఇది నేనేనా? అమ్మ అనుకున్నా," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రంతా ఆ ఫొటో ఆమె తలగడ కిందే ఉంది.

తరువాత హాల్లో వాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చారు. గుర్తింపు కార్డుకు ఒకరు, కూతురికి పంపడానికి ఒకరు, ఊరికే ఒకరు. చిట్టి డబ్బులు అడిగేది కాదు. సెలవు రోజు పొద్దున కెమెరా మెడలో వేసుకుని బయలుదేరితే మళ్లీ ఆకలేసినప్పుడే ఇల్లు గుర్తొచ్చేది. ఒకసారి గోడౌనులో పేర్చిన పెట్టెల మీద సాయంత్రపు ఎండ పడితే తీసిన ఫొటో ఎలాగో యజమాని కంటబడింది. మర్నాడే మేనేజరు పిలిచి చెప్పాడు: ఇకనుంచి జిగురు హాలు వద్దు, నువ్వు కంపెనీ ఫొటోగ్రాఫరువి. జీతం పద్నాలుగు వేలు. ఆఫీసులో కుర్చీ.

ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజున చిట్టి తన వేళ్లు వాసన చూసుకుంది. జిగురు వాసన లేదు. తనకిష్టమైన పని చేసినందుకు ఎదురు డబ్బులిస్తున్నారంటే ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందేమోనని భయం కూడా వేసింది.

అది ఏడాదిన్నర కిందటి మాట. పెట్టెల ఫొటోలు, కొత్త యంత్రాల ఫొటోలు, పెద్దవాళ్లొస్తే కరచాలనాల ఫొటోలు. వాటితోపాటు మూడు నెలలకొకసారి తనిఖీ ఫొటోలు. తనిఖీ అధికారి మునుపు స్వయంగా వచ్చి హాలంతా తిరిగేవాడు. చిట్టి వచ్చాక ఆయన రావడం మానేశాడు. ఫొటోలు వెళ్తున్నాయిగా! అగ్గి ఆర్పే సీసాలు, మెట్లు, తలుపులు, దూలాలు అన్నీ ఫొటోల్లోనే చూసి ఆయన ముద్ర వేస్తున్నాడు.

ఆదివారం పగలు చిట్టి ఇంట్లో గచ్చు మీద ఫొటోలు పరుచుకుని కూర్చుంది. ఆఫీసుకు ఎదురు వెలుగు ఫొటో ఇచ్చినా, తన తృప్తి కోసం ప్రతిసారీ పక్క వెలుగులో ఒకటి తీసుకోవడం ఆమెకు అలవాటు. పగులు కనబడ్డాక తీసిన దూలం ఫొటోలు అలాంటివి మూడున్నాయి. ఆమె మొగుడు తాపీమేస్త్రి. గడ్డం గీసుకుంటూ అటు చూసి, సగం నురగ మొహంతోనే వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఇదెక్కడిది?"

"మా హాలుది. పైన పూసిన సున్నం పగిలిందట, మేనేజరు చెప్పాడు."

"మేనేజరు ఎప్పుడైనా తాపీ పట్టాడా? పైపూత పగిలితే సాలెగూడులా అటూ ఇటూ పగులుతుంది. ఇది చూడు, ఒకే గీత, పొడుగునా. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది. ఉబ్బి సిమెంటును బయటికి తోస్తోంది." తడి వేలితో ఫొటో చివర తాకాడు. "స్తంభం దగ్గర ఏటవాలుగా తిరిగింది, చూశావా? ఇది బరువు మొయ్యలేక తిరిగింది. మొదటి దాంట్లో ఇది లేదు. పైన ఏం పెట్టారు?"

"కాగితపు చుట్టలు. ఈ నెల రెండింతలు దింపారు, రేటు పెరుగుతుందని."

"వానాకాలం కాగితం నీళ్లు తాగుతుంది. లెక్కలో రాసిన బరువు ఒకటి, నెత్తిన ఉన్న బరువు ఇంకొకటి."

"ఎన్నాళ్లు ఆగుతుందంటావ్?"

"ఆ సంగతి చెప్పగలిగితే నేను ఇంజినీరునయ్యేవాణ్ని. రేపే పడొచ్చు, పదేళ్లు ఆగొచ్చు. నేనైతే దాని కింద మేకను కూడా కట్టను." అతను ఆఫీసు నకలు కాగితం తిప్పి చూశాడు. "ఇక్కడ నీ సంతకం ఎందుకుంది?"

"తీసినవాళ్లు పెట్టాలట."

అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "'కట్టడంలో లోపాలేవీ లేవని, ఉన్నది ఉన్నట్టుగా ఈ ఫొటోలు తీశానని ధ్రువీకరిస్తున్నాను.' నువ్వు ధ్రువీకరించావా?"

చిట్టి ఆరు కాగితాల మీద ఆరు సంతకాలు పెట్టింది. సంతకం పక్కన 'ఫొటోగ్రాఫరు' అని అచ్చులో ఉంటే, ఆ ఒక్క మాటే చూసుకుని మురిసిపోయి పెట్టింది.

సోమవారం ఆమె మూడు ఫొటోలూ తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద వరసగా పెట్టింది. ఆయన కోప్పడలేదు. టీ తెప్పించాడు. దానికే ఆమెకు భయం వేసింది.

"నిన్ను ఫొటోలు తియ్యడానికి పెట్టుకున్నామా, దూలాలు పరీక్ష చెయ్యడానికా?"

"కింద నలభై మంది ఉన్నారు, సార్."

"ఉన్నారు. హాలు మూసి మరమ్మతు చేస్తే మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలు నలభై మంది ఏం తింటారో నువ్వే వెళ్లి అడిగిరా. మీ అక్కనే అడుగు." ఆయన ఫొటోలు మూడూ దగ్గరికి తోసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. "పూత వేయిస్తున్నాం. శుక్రవారానికి ఆరుతుంది. ఆరాక మంచి ఫొటో తీసి సంతకం పెట్టు. నీ చేతిలో ఉన్నది మంచి విద్య. దానికి ఎవరి దిష్టీ తగలకుండా చూసుకో."

భోజనం వేళ చిట్టి అక్కను మెట్ల కిందికి పిలిచి అంతా చెప్పింది. అక్క వింటూనే డబ్బా మూత బిగించింది.

"మీ ఆయన ఫొటో చూసి చెప్పాడా? బాగుంది సంబడం! నీకు కుర్చీ ఉంది, నువ్వు ఏమైనా మాట్లాడతావ్. హాలు మూస్తే నాకెవరిస్తారే జీతం?"

"నీ గిన్నెలో పెచ్చులు పడటం లేదా అక్కా?"

"పడుతున్నాయి. జిగురులో రాళ్లున్నాయని మొన్న మనిషికి యాభై చొప్పున కోశారు కూడా. వడగట్టి పూస్తున్నాం. నీకు చెప్పలేదు." అక్క గొంతు కొంచెం తగ్గింది. "అందరికీ తెలుసే. ఆ దూలం వంక ఎవరమూ చూడం, అంతే. చూస్తే కూర్చోలేం."

మంగళవారం ఇద్దరు మనుషులొచ్చి పగులులో సిమెంటు కూరి పైన సున్నం కొట్టారు. హాల్లో పని ఆగలేదు. ఆడవాళ్లు నెత్తిన అట్టలు కప్పుకుని జిగురు పూశారు. బుధవారం, గురువారం లారీలు మరో అరవై చుట్టలు దింపాయి. చిట్టి ఆఫీసు కిటికీలోంచి లెక్కపెట్టింది. వాన మాత్రం ఒక్క గంట కూడా తెరిపివ్వలేదు.

శుక్రవారం పొద్దున మేనేజరు తనే ముందు నడిచి ఆమెను హాల్లోకి తీసుకొచ్చాడు. చేతిలో తనిఖీ కాగితాలు, జేబులో పెన్ను. దూలం పాలమీగడలా ఉంది. చిట్టి స్టూలెక్కి, లైటును స్తంభం పక్కగా, దూలానికి ఆనుకునేలా పెట్టించింది.

"మళ్లీ పక్కనా?"

"ఒక్కటి, సార్."

వెలుగు సున్నం మీద ఏటవాలుగా పాకింది. మూడు రోజుల కిందటి కొత్త పూత మీద వెంట్రుకంత గీత. స్తంభం దగ్గర మొదలై, పాత దారినే వెతుక్కుంటూ పోతోంది. చిట్టి కెమెరా కంటికి ఆనించి చూస్తుండగా పైన చుట్ట దొర్లింది. గీత చివర సున్నపు పొడి సన్నగా రాలింది. గీత ఇంకో జానెడు సాగింది. కెమెరా చప్పుడు చేసింది.

ఆమె దిగి తెరను మేనేజరుకు చూపింది. ఆయన చూడలేదు. "ఫ్లాషు వేసి ఎదురుగా తియ్యి."

"తియ్యను, సార్."

హాల్లో కుంచెల చప్పుడు ఒక్కసారి పలచబడింది.

"ఏమన్నావ్?"

"తియ్యను. సంతకం పెట్టను. ఇన్నాళ్లు పెట్టినవి కూడా తప్పుడు సంతకాలని అధికారికి రాస్తాను."

మేనేజరు మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్లలో లేదు. జేబులోంచి ఫోను తీశాడు. చెయ్యి పైకెత్తి, ఫ్లాషు వేసి, ఎదురుగా ఫొటో కొట్టాడు. "ఇంత పనికి నీకు పద్నాలుగు వేలిచ్చాం! సంతకం పెట్టేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. మీ అక్క కూడా రేపటి నుంచి రానక్కర్లేదు. ఇవాళ్టి పని మాత్రం పూర్తి చేసి పొమ్మను." కాగితాలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

చిట్టి గొంతు పెంచింది. ఆ హాల్లో ఆమె ఎన్నడూ గట్టిగా మాట్లాడలేదు. "లేవండి! వానైనా సరే, బయటికి రండి. ఇప్పుడే నా కళ్ల ముందు జానెడు సాగింది. కావాలంటే ఇదిగో, చూడండి!"

తెర చుట్టూ నలుగురు మూగారు. వాళ్లలో ఒకామె ఏమీ అనకుండా డబ్బా సర్దుకుని బయటికి నడిచింది. ఆమె వెనక ఇద్దరు. తరువాత ఇంకో ముగ్గురు. మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. వాకిట్లో వానలో నిలబడ్డవాళ్లు లోపలివాళ్లను పిలవడం లేదు. లోపలివాళ్లు వాళ్లను వెనక్కి రమ్మనడం లేదు.

అక్క మాత్రం తలెత్తలేదు.

"అక్కా, లే."

"ఇవాళ్టి కూలి ఎందుకు వదులుకోవాలే? ఎలాగూ రేపటి నుంచి లేదుగా. ఈ డజను అంటించి వస్తా. నువ్వు పద."

"అక్కా!"

"డజనే. ఎంతసేపు?"

పైన ఎవరో కేకేశారు. ఎత్తుడు యంత్రం గొలుసులు బిగుసుకున్న చప్పుడు. ఇంకో చుట్ట ఎక్కుతోంది. చిట్టి కెమెరాను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, అక్క చేతిలోని కుంచె పట్టుకుంది. జిగురు వేడిగా వేళ్లకు అంటుకుంది. లాగింది. అక్క వదల్లేదు. వదలకుండానే, ఇన్ని రోజుల తరువాత మొదటిసారి, మెల్లిగా తలెత్తి పైకి చూసింది.