ఒళ్లు దులపని యాట

అడవి నడుమ గుట్టమీదున్న మల్లన్న గుడి కాకతీయుల నాటిదంటారు. ఇన్నేళ్ల వానలకు చెక్కుచెదరని గోడలు, ఎదురుగుట్టను క్వారీవాళ్లు పేల్చడం మొదలుపెట్టాక నెర్రెలిచ్చాయి. మనుషులు తప్పుకోవాలని ముందు సైరన్ మోగిస్తారు, తర్వాత పేలుస్తారు. గుడికి చెప్పేవాళ్లెవరు?

కనకయ్య కొడుకు శ్రీశైలం ఆ క్వారీలోనే పనిచేస్తాడు. పోయినేడు బండ మీదపడితే చావు తప్పి బయటపడ్డాడు. ఆ మొక్కు తీర్చడానికే ఇవాళ యాటను, బలికి ఓ మేకపోతును, తెచ్చారు. ఎవరి పేరిట మొక్కో వాడికే సెలవు దొరకలేదు. "నాకింత కూర తీసిపెట్టున్రి" అని పొద్దున్నే పనికి పోయాడు.

గుడి బయట యాటమీద పసుపునీళ్లు పోశారు. అది ఒళ్లు దులిపితేనే దేవుడు ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి ఎత్తాలి. బిందె ఖాళీ అయినా అది రాయిలా నిలబడింది.

"మనసుల ఏం పెట్టుకున్నవయ్యా? మంచిగ దండం పెట్టు," అంది భార్య బాలవ్వ, ఏడుపు గొంతుతో.

"నేనేం పెట్టుకుంట? పానం నిలబెట్టమన్న, యాటను తెచ్చిన. ఇంకేం గావాల్నట ఆయనకు?" కసిరాడు కనకయ్య.

అంతలో ఎదురుగుట్ట దద్దరిల్లింది. గుడి కప్పునుంచి మట్టి రాలింది. యాట బెదిరి, తలనుంచి తోకదాకా ఒళ్లు దులిపింది.

"ఒప్పుకున్నడు! మల్లన్న ఒప్పుకున్నడు!" చుట్టాలంతా కేకలు పెట్టారు. బాలవ్వ కళ్లు తుడుచుకుని భర్త చేతికి కత్తి అందించింది.

కనకయ్య కత్తి ఎత్తలేదు. ఎదురుగుట్టమీద లేస్తున్న దుమ్మునే చూస్తూ నిలబడ్డాడు.

సైరన్ అప్పుడు గాని మోగలేదు.