నీడ పోయిన వాలు

పాంఫిల్ బీచ్ జాతి మాన్లలో ఎండిపోతున్న తొమ్మిదోదాని మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి వాసన చూస్తున్నాడు. నరకాల్సిన మాన్లకు సుత్తితో ముద్ర వెయ్యడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా ఆ కొండవాలు మీదే. నున్నటి బూడిదరంగు బెరడు మీద నల్లటి చారలు కారి ఎండిపోయాయి. జూలైలోనే కొనకొమ్మలు మోడయ్యాయి. ఎవరో విషం పోస్తున్నారు. ఎవరో ఏమిటి, నిస్టోరే. చెట్లు చస్తే అతని గొర్రెలకు మేత పెరుగుతుంది.

మట్టికి మట్టి వాసనే వచ్చింది. అయినా గుప్పెడు తీసి పొట్లం కట్టాడు.

పోయిన ఆదివారం చర్చి మెట్ల దగ్గర అందరి ముందూ అనేశాడు: "చెట్లకు విషం పెట్టే చేతులతో వీడు జున్ను చేస్తున్నాడు. కొనకండి."

నిస్టోర్ టోపీ నలుపుకుంటూ, "అన్నా, నువ్వేనా ఈ మాటనేది?" అని ఊరుకున్నాడు. వాదించలేదంటే దొంగేనని పాంఫిల్ తేల్చుకున్నాడు.

ఇవాళ పదింటికి అటవీ ఇంజనీరు సొరీనా వచ్చింది. పొట్లం అందుకోలేదు. కత్తితో బెరడు ఒలిచింది. లోపల వంకర టింకర సొరంగాలు, వాటిలో తెల్లటి చదును పురుగులు.

"విషం కాదు బాబాయ్. రెండేళ్ళుగా వానల్లేక చెట్లు నీరసించాయి. బెరడుకి ఎండ తగిలేచోట పెంకుపురుగు గుడ్లు పెడుతుంది. కింద గుబురులో ఒక్కటైనా చచ్చిందా? ఇక్కడి పెద్ద మాన్లేవి?"

"మూడేళ్ళ కింద కొట్టేశాం."

"అక్కడొకటి, ఇక్కడొకటి తియ్యమన్నాం కదా?"

ఆఫీసు తప్పు తన నెత్తిన రుద్దుతోందని అనుమానించాడు. ఆమె వెళ్ళాక తనే మరో రెండు చెట్లు ఒలిచాడు. అవే సొరంగాలు. కింది గుబురులోకి దిగి ఒక మాను మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. పైకొచ్చి ఇంకో మాను తాకాడు. పెనంలా కాలింది.

పెద్ద మాన్లు కొట్టిన ఆ ఏడాది మోకాలు సలుపుతుంటే వాలంతా ఎక్కలేక, బాట పక్కనే వరసగా పదిహేడు మాన్లకు ముద్ర కొట్టి మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. తానూ మళ్ళీ తలుచుకోలేదు.

పొట్లం విప్పి మట్టిని తొమ్మిదో చెట్టు మొదట్లోనే పోసి, నిస్టోర్ దొడ్డివైపు నడిచాడు. ఏమని మొదలుపెట్టాలో దారిపొడుగునా తోచలేదు.

పక్క చేలో బంగాళాదుంపలు తవ్వుతున్న వెతూరియా నడుం ఎత్తింది.

"ఎవరికోసం? పొద్దున్నే మందని తోలుకుని కొండ అవతలికి పోయాడు. 'నా జున్ను ఎవరూ ముట్టని ఊళ్ళో నాకేం పని వదినా' అన్నాడు. నువ్వింకా ఏం వాసన చూద్దామని వచ్చావు?"

పాంఫిల్ టోపీ తీశాడు. చెప్పాల్సిన మాట ఆమెకి చెప్పేది కాదు.

దొడ్డి తలుపు తీసే ఉంది. లోపల చెక్కపలక మీద గొర్రెలు నాకి నాకి నడుమ గిన్నెలా గుంటపడిన ఉప్పురాయి, దాని అంచుకి అంటుకుని ఒక ఉన్నిపోగు.