పాణ్యం దాటాక

బస్సు నడుస్తూనే ఉంది, స్టీరింగు సుంకన్న చేతుల్లోనే ఉంది, కానీ కింద రోడ్డే ఒక చోట నిలవడం లేదు. ఇప్పుడే బేతంచెర్ల నాపరాళ్ల గుట్టలు కనిపించాయి, రెప్ప వేసి తెరిచేలోగా అవే గుట్టల మీద మంచు, మంచు మధ్యలో డోన్ బస్టాండు, బస్టాండు గోడకు అవతల కన్యాకుమారి సముద్రం. ఇదేం వింత అని సుంకన్నకు అనిపించదు. ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, రోడ్డు ఎటు తీసుకుపోతే అటు పోవడం ఆయనకు అలవాటే. బస్సులో జనం లేరు. వెనక నుంచి ఒక్క గొంతు మాత్రం వినబడుతోంది.

"నిదానంగా పోన్నా. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు."

ఆ గొంతు మస్తాన్‌వలిది. నంద్యాల నుంచి గుత్తికి, గుత్తి నుంచి నంద్యాలకు, పంతొమ్మిదేళ్లు సుంకన్న బస్సులో కండక్టరు. పోయి ఏడాదిన్నర అయింది. ఆ సంగతి కలలో కూడా సుంకన్నకు తెలుసు, మస్తానుకూ తెలుసు, మర్యాదకు ఇద్దరూ ఎత్తడం లేదు.

"ముందుకు రా మస్తానూ. నా పక్కన కూర్చో."

"నీ పక్కన సీటు యాడుందన్నా? ఇంజను మూత మీద కూర్చుంటే కాలుతాది."

ఇక్కడొక విడ్డూరం చెప్పాలి. పంతొమ్మిదేళ్లు కలిసి తిరిగినా సుంకన్నకు మస్తాను మొహం సరిగ్గా గుర్తు రావడం లేదు. డ్రైవరు ముందుకు చూస్తాడు, కండక్టరు వెనక ఉంటాడు; దగ్గు తెలుసు, ఈల తెలుసు, చిల్లర సంచి చప్పుడు తెలుసు, టీ కొట్టు దగ్గర కూడా ఇద్దరూ పక్కపక్కన నిలబడి బస్సునే చూస్తూ తాగేవాళ్లు. ఇప్పుడు అద్దంలో చూస్తే ఖాకీ చొక్కా కనిపిస్తోంది, సంచి పట్టీ కనిపిస్తోంది, మెడ పైన అద్దం అయిపోతోంది. తిరిగి చూద్దామా అంటే బండి నడుస్తోందాయె, నడిచే బండిలో వెనక్కి తిరిగేవాడు డ్రైవరే కాదని తనే పదిమందికి చెప్పాడు.

"కాశ్మీరం ఎట్లుండాదన్నా?"

"చలి."

"నలభై ఒక్క రోజులు తిరిగొచ్చి చలి అంటావేందన్నా?" మస్తాను నవ్వుతాడు.

కాశ్మీరం మాట మొదట అన్నది మస్తానే. రిటైరైనాక టికెట్టు కొట్టకుండా, ఈల ఊదకుండా, ఒక చిన్న బండిలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోదాం అన్నాడు. సుంకన్న పాత వ్యాను కొన్నాడు, ఒక్కడే పోయాడు.

"ఏం చెప్పమంటావు," అంటాడు సుంకన్న, బస్సు ఇసుకలో పోతున్నా చక్రాల చప్పుడు తారురోడ్డు మీదిలాగే ఉంది. "మంచుకొండ చూసి మస్తానూ అని పిలిస్తి. పక్కన టీ తాగే ఆయనెవరో తిరిగి చూసె. యాడ గది అడిగినా ఒక్కరేనా అనిరి. ప్రతిసారీ అవునంటి. నాకు ఏమీ బాగలేదు మస్తానూ."

వెనక చిల్లర సంచి ఒకసారి గల్లుమంది.

"కడచూపుకు రాకపోతివన్నా."

"ఎట్లా వస్తాను? డోన్‌లో ఇంకో డ్రైవరు లేకపోయె. జనాన్ని నడి దారిలో దించి వస్తానా?"

"ఖాసింబీకి చెప్పిన మాట నాకు గూడా చెప్తావా?"

బస్సు తనంతట తనే నిలబడిపోయింది. ఆ పొద్దు మస్తానుకు వారపు సెలవు. డోన్‌లో పదిగంటలకు అతని భార్య ఖాసింబీ ఫోన్ చేసి, ఆయన పోయినాడన్నా, మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారు అని చెప్పింది. మస్తాను ఊరు పాణ్యం ఎంత దూరం? గంటన్నర. కంట్రోలరు కూడా పొమ్మన్నాడు, వేరే డ్రైవరు బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చునే ఉన్నాడు. సుంకన్న మాత్రం ఎక్కి గుత్తికి పోయాడు. తిరిగొచ్చేసరికి మట్టి కూడా సర్దేశారు. ఫోన్లో ఆమెకు ఆ కుంటిసాకు చెప్పి, అప్పటినుంచి ఆ ఇంటికి ముఖం చాటేశాడు, ఎంత సిగ్గుచేటు చూడండి.

"ఉన్నాడు," అంటాడు సుంకన్న. "డ్రైవరు ఉన్నాడు. గుడ్డ తీసి చూపిస్తారు గదా, ఆ మొహం చూసినంక నువ్వు లేవని ఒప్పుకోవాల గదా. నాకు భయమేసె."

"రాకపోతే రాకపోతివి. నేనేమన్నా చూసినానా?" అంటాడు మస్తాను. "ఖాసింబీ ఏం తప్పు చేసె? ఇంట్లో మస్తాను ఆమెకు తెలుసు. బస్సులో మస్తాను నీకు తప్ప ఎవరికి తెలుసన్నా? ఆ మాటలు ఆమెకు ఎవరు చెప్పాల?"

"ఏ మొహం పెట్టుకుని పోవాల?"

"ఉన్న మొహమే పెట్టుకుని పో."

అప్పటికి బస్సు పాణ్యంలో ఒక సందులో ఉంది, మస్తాను ఇల్లున్న సందే, అందులోకి ఆటో కూడా కష్టంగా పోతుంది, బస్సు ఎట్లా దూరిందో ఎవరూ అడగలేదు. ముందు గోడ. వెనక్కి తీయక తప్పదు. మస్తాను దిగి వెనక్కి పోయి, బస్సు ఒంటిని అరచేత్తో కొడుతూ మొదలుపెట్టాడు. "రానీ, రానీ, ఇంకా రానీ." బండి వెనక్కి తీసేటప్పుడు డ్రైవరు వెనక్కి చూడవచ్చు, చూసి తీరాలి. సుంకన్న అద్దంలోకి చూశాడు. మొహం మొత్తం ఉంది. సగం విరిగిన పైపన్ను, ఎడమ చెవి మీద పెన్ను, రెండు రోజుల తెల్ల గడ్డం. ఇంత మామూలు మొహాన్నా నేను మరిచిపోయింది అని ఏడుపొచ్చింది. "రానీ, రానీ," అంటూ మస్తాను వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, చేతి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.

దెబ్బలు నిజమే. సుంకన్న కళ్లు తెరిచేసరికి మిట్టమధ్యాహ్నం, వ్యాను పాత రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఉంది, మేకల మంద ఒకటి పోతూ పోతూ వ్యాను ఒంటికి డొక్కలు రాసుకుని దబ్ దబ్ మని తగులుతోంది. నంద్యాల ఇంకో అరగంట. ఇందాక పాణ్యం దాటుతున్నప్పుడు మెడ బిగించి ముందుకే చూసి, మూడు మైళ్లు వచ్చాక, కాస్త నడుము వాలుద్దామని ఇక్కడ ఆపాడు. నలభై ఒక్క రోజుల దారి అయిపోయింది, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు.

మేకలు పోయాయి. వెనక పిల్లకాలువ ఉంది, బండి తిప్పాలంటే జాగ్రత్తగా వెనక్కి తీయాలి. రానీ అనే మనిషి లేడు. సుంకన్న తనే దిగి, వెనక్కి నడిచి, కాలువ ఎంత దూరముందో చూసుకుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. రెండు మూరలు తీశాడు, మళ్లీ దిగి చూశాడు, మళ్లీ ఎక్కాడు. బండి ముఖం పాణ్యం వైపు తిరిగాక, ఖాళీ వ్యానులో గట్టిగా, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

"డోన్‌లో వేరే డ్రైవరు ఉండెనమ్మా. నేనే రాకపోతి."