రాయి ఎరిగిన వేళ్ళు

లేవి ఐదు కుక్కల ముందు సంగటి ముద్దలు పెట్టి, చివరి గుంజకు కట్టిన గోధుమరంగు కుక్కను చూడకుండా దాటిపోయాడు. కోతకు ముందు కడుపు ఖాళీగా ఉండాలని ఆంజనేయ డాక్టరు చెప్పాడు.

"దాన్ని పస్తు పెట్టినావే, పాపం తగల్దా లేవన్నా?" షెడ్డు ఊడ్చే హంపమ్మ చీపురు ఆపింది.

"డాక్టరు సెప్పినాడు."

"ఇంట్లో వదినకన్నా దీంతోనే శానా మాట్లాడతావు. ఈపొద్దు నోరు పడిపోయిందా?"

లేవి సంగటి చేతులు కడుక్కున్నాడు. మిగతా కుక్కలన్నీ అతను ఉచ్చు వేసి పట్టి తెచ్చినవి. ఇదొక్కటే తుంగభద్ర వంతెన మీద వెంటపడి, తనంతట తానే వచ్చింది.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కర్నూల్లో ఖాళీగా మిగిలిన రేకుల షెడ్డు అది. అందులో డాక్టరు చేసే పరీక్ష ఒకటే. కుక్కకు మత్తిచ్చి, పేగుకు నెత్తురు తెచ్చే నరాన్ని గంటసేపు కట్టి, విప్పుతాడు. నల్లబడిన పేగు మళ్ళీ ఎర్రబడుతుంది. చూసేవాళ్ళకు గండం గడిచినట్టే ఉంటుంది. చావు ఆ తర్వాత వస్తుంది. తిరిగొచ్చిన నెత్తురే పేగును చెరుపుతుంది. ఆసుపత్రిలో పేగు మెలిపడిన మనుషులు కూడా అట్లే పోతున్నారు. కట్టు విప్పకముందే మందు ఇస్తే నిలుస్తారా? అది తేలాలని కొన్ని కుక్కలకు మందు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూస్తున్నాడు.

ఏ కుక్కకు ఇవ్వాలన్నది డాక్టరు తన ఇష్టానికి ఉంచుకోలేదు. గుడ్డసంచిలో ఒకే కొలత రాతిబిళ్ళలు రెండు వేశాడు. ఒకటి బేతంచెర్ల పసుపురాయి, ఇంకొకటి కడప నల్లరాయి. లేవి కళ్ళు మూసుకొని ఒకటి తీయాలి. నల్లది వస్తే మందు.

లేవి బేతంచెర్లలో ఇరవై రెండేళ్ళు బండలు నునుపు పట్టాడు. దుమ్ముకు రొమ్ము చెడి ఈ పనికి వచ్చాడు. వేలిగీతలు ఎప్పుడో అరిగిపోయాయి. కాగితం మీద అతని బొటనవేలు ఉత్త మచ్చగా పడుతుంది. అయినా ఆ వేళ్ళకు రాయి తెలుసు. నల్లరాయి నూనె రాసినట్టు జారుతుంది. పసుపురాయి ఎంత రుద్దినా చర్మాన్ని కొంచెం పట్టుకుంటుంది. సంచిలో చెయ్యి పెట్టిన మొదటిరోజే అతనికి తెలిసిపోయింది. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. పది కుక్కల దాకా మొదట తగిలిందే తీశాడు.

"తియ్యప్పా," గోధుమరంగు కుక్క వంతు రాగానే సంచి చాపాడు డాక్టరు.

మొదట తగిలింది పసుపురాయి. వేళ్ళు దాన్ని వదిలేశాయి.

నల్లరాయి బయటికి వచ్చింది.

కోత సాగినంతసేపూ లేవి వేడి ఉప్పునీళ్ళలో గుడ్డలు పిండి పేగు మీద కప్పాడు. గంట నిండబోతుండగా డాక్టరు మందు ఎక్కించి, ముడి విప్పాడు. నేరేడుపండు రంగులో ఉన్న పేగు అంచునుంచి మెల్లగా ఎర్రబడింది. ఆ తర్వాత మధ్యాహ్నమంతా లేవి కుక్క పక్కనే కూచుని, దాని నాలుకకు తడిగుడ్డ అద్దుతూ వచ్చాడు. మందు లేని కుక్కలకు పొద్దు వాలేసరికి కాళ్ళు చల్లబడేవి. ఇది తల ఎత్తి అతని మణికట్టు నాకింది.

"నిలబడింది లేవీ!" డాక్టరు లెక్కల పుస్తకం తెరిచి కలం తీశాడు. "ఇట్లా ఇంకో పది నిలిస్తే మనుషులకూ ఇయ్యొచ్చు."

మనుషులకు అన్న మాట దగ్గర లేవి చెయ్యి ఆగింది.

"దీన్ని రాయొద్దు సార్."

"ఏం?"

"ఆ రాళ్ళు నా ఏళ్ళకు తెలుస్తాయి. ఈపొద్దు కావాలనే నల్లది తీసినా."

డాక్టరు కలం దించాడు. "ముందటి పదీ?"

"మొదట తగిలిందే తీసినా. దేవుని తోడు."

డాక్టరు ఆ అరిగిన వేళ్ళ వైపు చూశాడు. "నేను నమ్ముతా. సదివేటోళ్ళు నమ్మరప్పా." పది వరసల మీద అడ్డంగా గీత కొట్టాడు. "మళ్ళా మొదట్నుంచి."

అంటే ఇంకో పది కుక్కలు. లేవి తల వంచుకున్నాడు.

"ఏరే మనిషిని పెట్టుకోండి సార్. నా చెయ్యి దీనికి పనికిరాదు."

డాక్టరు ఉండమనలేదు. "దాన్ని తీసకపో. కుట్లు విప్పేదానికి వారం నాటికి తీసకరా," అన్నాడు.

లేవి కుక్కను కంబళిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వంతెన వైపు నడిచాడు. దాని మెడనుంచి విప్పిన రేకుబిళ్ళ బల్ల మీద ఉంది. బిళ్ళ మీద పదకొండు అంకె, దారం ముడిలో చిక్కుకున్న గోధుమరంగు వెంట్రుకలు రెండు.