జనవరి కొలత

మెక్సికోలోని మా ఓహాకాలో ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజున నాన్న మోకరిల్లి, కూతురి మామూలు చెప్పులు విప్పి హైహీల్స్ తొడగాలి. తర్వాత ఇద్దరూ కలిసి నాట్యం చెయ్యాలి. నా పుట్టినరోజున నా పాదం ఆ హీల్స్‌లో సగమే దూరింది.

"జనవరిలో కొలిచి మరీ కొన్నానే యరెత్సీ!" అని లబోదిబోమంది, బాప్తిస్మంలో నన్నెత్తుకున్న జ్ఞానతల్లి చోలే.

"జనవరిలో నాకు మొటిమలూ లేవు, ఊరికే ఏడుపూ వచ్చేది కాదు! ఈ ఒళ్ళు నన్నడిగి పెరుగుతోందా?" అని అరిచాను. అరుస్తూనే ఎందుకో పడీపడీ నవ్వాను. బ్యాండువాళ్ళూ నవ్వారు.

నాన్న మాత్రం నా పాదాన్ని జానతో కొలిచాడు. తన బూట్లు విప్పి నాకు తొడిగాడు.

అతికినట్టు సరిపోయాయి!

"లేవే తల్లీ," అన్నాడు వట్టి కాళ్ళతో. "నా కాలు తొక్కావో, చూడు!"

మొదటి అడుగుకే తొక్కాను.